పూత కింది రాగి

ఆ సంవత్సరం సికింద్రాబాదులో నిజమైన బంగారం ఒంటి మీద వేసుకుని తిరిగినవాళ్ళు రెండే రకాలు. చేతిలో తుపాకి ఉన్నవాళ్ళు, బుర్రలో గుజ్జు లేనివాళ్ళు. మిగిలిన జనమంతా ఉన్నదాన్ని బియ్యం కుండ అడుగునో, పొయ్యి గడ్డ కిందో దాచేసి, అచ్చం అలాంటిదే ఉత్తుత్తిది చేయించుకోవడానికి మోండా మార్కెట్ వెనక సందులో అవుసల బ్రహ్మచారి అరుగు ముందు కూర్చునేవారు. నలభై ఏళ్ళు అసలు బంగారం పని చేస్తే రాని పేరు ఆయనకు ఆ ఒక్క ఏడు దొంగ బంగారంతో వచ్చింది. పైన పటారం, లోన లొటారం అంటే మామూలు రోజుల్లో తిట్టు. 1948లో అదే గిరాకీ.

బంగారు పూత వేసే ఆ పనిని ములామా అంటారు. బంగారాన్ని పాదరసంలో కరిగించి ముద్ద చేసి, చింతపండు నీళ్ళతో తోమిన లోహానికి పట్టించి, కుంపటి మీద కాచాలి. పాదరసం పొగై పోతుంది, బంగారం మిగిలిపోతుంది. ఆ పొగ పీల్చీ పీల్చీ బ్రహ్మచారి చేతులు వణికేవి. విచిత్రమేమిటంటే పని పట్టుకుంటే వణుకు ఆగేది. అన్నం కలిపేటప్పుడు మాత్రం మెతుకులు కంచం బయట పడేవి. దానికి ఆయన భార్య లచ్చమ్మ రోజూ ఏదో ఒకటి అనేది, ఆయన వినిపించుకునేవాడు కాదు.

ఎండలు ముదరకముందు ఒక పొద్దుటిపూట మౌలాలి రైల్వే క్వార్టర్ల నుంచి ఒక జంట వచ్చింది. అతని పేరు జకర్యా, రైలింజన్‌లో బొగ్గు వేసే ఫైర్‌మన్. ఆమె పేరు మేబెల్, మిషన్ బడిలో చిన్న తరగతులకు పంతులమ్మ. పెళ్ళై ఏడాదిన్నర. గుడిలో పాస్టరు ప్రార్థన చేస్తే ఒకరికొకరు తొడుక్కున్న బంగారు ఉంగరాలు తీసి అరుగు మీద పెట్టారు. ఆ ఉంగరాలూ బ్రహ్మచారి చేసినవే. ఒకే ముద్దలోంచి సాగదీసిన తీగతో రెండూ చేశాడు.

"ఇవి దాసిపెడ్తం తాతా," అంది మేబెల్. "రైళ్ళల్ల చేతికున్నది చేతికుంటలేదట. కాని ఉత్త వేలితోని ఉండుమంటె మా అత్తమ్మ ఒప్పుకుంటలేదు. గిట్లాంటివే పూతయి చేసియ్యి."

పూత అనగానే బ్రహ్మచారికి ఎక్కడలేని ఓపికా వచ్చేది. పెట్టెలోంచి మూడు ముక్కలు తీసి వాళ్ళ ముందు వరసగా పెట్టాడు.

"ఇది ఇత్తడి. పైన పూత పోయినా కింద పసుపే ఉంటది, దూరంకెల్లి ఎవనికీ తెల్వది. కాని చెమట తాకితె చిలుము పడ్తది. వేలు పచ్చగైతది. ఇది వెండి. పరువైంది. అరిగినా తెల్లగ ఉంటది, చర్మానికి ఏం కాదు. కాని బొగ్గు పొగల తిరిగేటోనికి నల్లగైతది. ఇగ ఇది రాగి. నన్నడిగితె ఇదే. బంగారం రాగిని పట్టుకున్నట్టు ఇంక దేన్నీ పట్టుకోదు. ఒకటే తక్లీఫ్, అరిగిన్నాడు ఎర్రగ బయటపడ్తది."

"నాకు ఇత్తడే ఇయ్యి తాతా," అన్నాడు జకర్యా. "మా ఇంజిన్ల మెరిసేదంత ఇత్తడే. అది నన్ను మోస్తది, నేను దీన్ని మోస్త."

మేబెల్ అతని మోచేతి మీద చిన్నగా కొట్టింది. "ప్రార్థన జేసి తొడిగిన ఉంగరాల జాగల పెట్టుకునేటియి. ఇత్తడేంది, రాగేంది. చెంబులకు, గంగాళాలకు రాగి. వెండే చెయ్యి తాతా." కొంగు ముడి విప్పి ఒక వెండి చెంచా తీసింది. పిడి మీద ద్రాక్షతీగ చెక్కి ఉంది. ఆమెకు చదువు చెప్పిన దొరసాని దేశం విడిచి పోతూ పెళ్ళి కానుకగా ఇచ్చింది. దాంతో ఒక్కసారైనా పాయసం తినలేదట, అంత అపురూపం. "ఇది కరగబెట్టు. మా ఇద్దరికి సరిపోతది."

అవుసలవాడు కన్నతల్లి ముక్కుపుడక చేసినా కొంచెం కొరుకుతాడని లోకం అంటుంది. లోకం నోటికేం, అంటుంది. బ్రహ్మచారి మాత్రం అప్పటిదాకా ఎవరి సొత్తూ గోరంత ముట్టలేదు. ఆ సంగతి ఆయనే అందరికీ చెప్పుకునేవాడు, కొంచెం ఎక్కువగానే. అందుకే కాబోలు దేవుడు ఆయన్ని ఆ చెంచా దగ్గర పట్టుకున్నాడు.

ఆ వారమే లచ్చమ్మకు విషజ్వరం తగిలింది. నాలుగో రోజుకు మనిషిని గుర్తుపట్టడం మానేసింది. సూదిమందు ఒక కాంపౌండరు దగ్గర దొంగచాటుగా దొరుకుతుందన్నారు. బ్రహ్మచారి నోట్లు పట్టుకుని పరుగెత్తాడు. "రేపు ఏ రాజ్యముంటదో, ఏ నోటు నడుస్తదో ఎవనికెరుక," అన్నాడు కాంపౌండరు. "బంగారమో వెండో ఉంటె తే." లచ్చమ్మ మెడలో పుస్తెలతాడు తెంపడానికి చెయ్యి రాలేదు, అరుగు మీదున్న బంగారమంతా నలుగురిదీ. ఉంగరాల కోసం మేబెల్ ఇచ్చిన చెంచా ఒక్కటి పెట్టె మూలన ఇంకా కరగకుండా ఉంది. ద్రాక్షతీగ వైపు చూడకుండా దాన్ని గుడ్డలో చుట్టి తీసుకుపోయి ఇచ్చేశాడు. లచ్చమ్మ బతికింది.

ఆ తర్వాత ఒక పగిలిన రాగి చెంబు అంచు కోసి రెండు ఉంగరాలు చేశాడు. పూత మాత్రం మామూలు కంటే చిక్కగా వేశాడు. రాగే మంచిదని తాను ముందే చెప్పాడు కదా, పిల్లకే అర్థం కాలేదు, తాను చేసింది ఒక విధంగా మేలే అనుకున్నాడు. మనిషికి తన తప్పు మీద పూత వేసుకోవడం ఎవరూ నేర్పనక్కర్లేదు. గొడవలు సద్దుమణిగాక వెండి కొని మళ్ళీ చేసిస్తానని కూడా అనుకున్నాడు. అనుకోవడానికేం ఖర్చవుతుంది.

ఉంగరాలు తీసుకునేటప్పుడు మేబెల్ వెలుతురులో తిప్పి చూసింది.

"వెండేనా తాతా?"

"వెండే బిడ్డా."

ఆగస్టులో జకర్యా ఇంటికి రాలేదు. కాజీపేట దాకా ఇంజిన్ మీద పోయాడు. డ్యూటీ దిగి వేరే బండిలో తిరిగి వస్తున్నాడు. పేరు కూడా ఎవరికీ గుర్తుండని ఒక చిన్న స్టేషనులో బండి చాలాసేపు ఆగిందట, ఎవరో కొందర్ని దింపారట. దింపింది ఎవరో, ఎందుకో, చూసినవాళ్ళు చెప్పలేదు, చెప్పినవాళ్ళు చూడలేదు. అత్త దేవమ్మ రైల్వే ఆఫీసుకు పోయి, కొడుకు ఆనవాళ్ళు గుమాస్తా చేత రాయించింది. ఎడమ భుజం మీద కాలిన మచ్చ. ఎడమ చేతికి వెండి మీద బంగారు పూత ఉంగరం, చేసింది మోండా మార్కెట్ బ్రహ్మచారి.

సెప్టెంబరులో సైన్యం వచ్చింది. అయిదు రోజుల్లో అంతా అయిపోయింది. సికింద్రాబాదు వీధుల్లో జనం జెండాలు పట్టుకుని ఒకరినొకరు కావలించుకున్నారు. పొయ్యి గడ్డలు తవ్వి బంగారం పైకి తీశారు. బ్రహ్మచారి అరుగు ముందు గిరాకీ ఒక్కసారిగా పడిపోయింది. ఉత్తుత్తి నగలన్నీ పిల్లల ఆటలకు పోయాయి. దేవమ్మ ఇంట్లో మాత్రం అసలు ఉంగరాలు బిస్కట్ల డబ్బాలోంచి బయటికి రాలేదు. "నా కొడుకు రానీ. ఇద్దరికి ఒక్కసారే తొడుగుత," అనేది ఆవిడ. అందుకని మేబెల్ చేతికి పూత ఉంగరమే ఉంది.

దసరా దాటాక ఒక రోజు రైల్వే ఆఫీసు నుంచి బ్రహ్మచారికి కబురొచ్చింది. పోయేసరికి వరండాలో బల్ల మీద మేబెల్, దేవమ్మ కూర్చుని ఉన్నారు. దేవమ్మకు కళ్ళలో పొరలు కమ్మి చూపు మసకైంది. కోడలి మోచెయ్యి పట్టుకుని, ముఖం ఆమె వైపే తిప్పుకుని ఉంది. అట్లాగే తమ మనిషి తిరిగి రాని ఇంకో రెండు కుటుంబాలవాళ్ళు గోడవారగా నిలబడ్డారు. లోపల ఆఫీసరు ముందు ఏదో పల్లె నుంచి వచ్చిన పటేలు రుమాలు ముడి విప్పుతున్నాడు.

తమ ఊరి పాడుబావిలో ఒక శవం దొరికిందని పటేలు చెప్పాడు. చాలా రోజులైందన్నాడు. ముఖం, మచ్చలు చూడటానికేమీ మిగల్లేదు. ఊరివాళ్ళే తీసి పూడ్చిపెట్టారు. చేతికి ఇది మాత్రం ఉంది.

రుమాల్లో ఉన్నది ఒక ఉంగరం. అంచుల్లో అక్కడక్కడా పసుపు, మిగిలిందంతా ఎరుపు.

మిగతా రెండు కుటుంబాలవాళ్ళూ చూసి తమది కాదన్నారు. ఆఫీసరు కాగితం చదివాడు. "వెండి మీద బంగారు పూత అని రాయించిన్రు. చూడమ్మా."

మేబెల్ ఉంగరం తీసుకుంది. వేళ్ళ మధ్య ఒక్కసారి తిప్పింది. ఎక్కువసేపు చూడలేదు. రుమాల్లో మళ్ళీ పెట్టేసి, కొంగుతో చేతులు కప్పుకుంది.

"ఇది మాది కాదు సార్. మాది వెండి. ఇది రాగి. చేసినాయన ఇక్కడనే ఉన్నడు, అడుగుండ్రి."

బ్రహ్మచారి బల్ల దగ్గరికి వచ్చాడు. ఉంగరాన్ని చేతిలోకి తీసుకోకముందే తన పని గుర్తుపట్టాడు. ఉంగరం అతుకు అందరూ నిలువుగా వేస్తారు. వాళ్ళ నాయన నేర్పిన పద్ధతిలో ఆయన ఏటవాలుగా వేస్తాడు. అట్లా అయితే అతుకు ఊడదు. పూత పోయిన చోట ఆ ఏటవాలు గీత సన్నగా కనిపిస్తూ ఉంది. లోకంలో ఎంతమంది అవుసలవాళ్ళున్నా ఆ గీత ఆయనదే. ఆ రాగి తన ఇంటి చెంబుదే.

"చెప్పవయ్యా," అన్నాడు ఆఫీసరు. "వీళ్ళకు చేసింది వెండా, రాగా?"

దేవమ్మ మసక కళ్ళు ఆయన గొంతు వచ్చే వైపు తిరిగాయి. మేబెల్ నేల చూస్తూ ఉంది. రాగి అంటే జకర్యా చచ్చిపోతాడు. రాగి అంటే తాను దొంగవుతాడు. ఆ రెంటిలో ఏది ముందు నోరు నొక్కిందో బ్రహ్మచారికి ఆ తర్వాత ఎన్నాళ్ళు ఆలోచించినా తేలలేదు. పిల్ల మీద జాలి అని చెప్పుకుందామనుకునేవాడు, కానీ తేలు కుట్టిన దొంగకు తన నొప్పేమిటో తెలుసు.

"వెండే దొరా," అన్నాడు.

"స్తోత్రం దేవా," అని దేవమ్మ రెండు చేతులూ పైకెత్తింది. లేచి తడుముకుంటూ వచ్చి బ్రహ్మచారి భుజం నిమిరింది. "సల్లగుండు చారీ. నీ మాటతోని నా కొడుకు బత్కిండు."

ఆఫీసరు ఉంగరం పటేలు వైపు నెట్టాడు. పటేలు నాకెందుకన్నాడు. "ఉత్త రాగి ముక్క గద దొరా, నాకియ్యుండ్రి," అన్నాడు బ్రహ్మచారి. తీసుకుపొమ్మని ఆఫీసరు చెయ్యి ఊపాడు. బయటికి వచ్చాక బ్రహ్మచారి పటేలును చెట్టు కిందికి పిలిచి, పూడ్చింది ఎక్కడో ఆనవాళ్ళు అడిగి తెలుసుకున్నాడు. ఎందుకడిగాడో ఆయనకే తెలియదు.

ఆ పూట అన్నం కంచం చుట్టూ మెతుకులే మెతుకులు. లచ్చమ్మ చూసి చూసి కంచం పక్కకు జరిపింది. "ఏమైంది? చేతులు గాదు, నువ్వే వణుకుతున్నవ్."

ఆయన చెప్పాడు. చెంచా సంగతి, కాంపౌండరు సంగతి, చెంబు అంచు సంగతి, ఇవాళ ఆఫీసులో అన్న మాట. మొదట్నించి చివరిదాకా తల ఎత్తకుండా చెప్పాడు. లచ్చమ్మ మామూలుగా ఇంత చిన్న విషయానికి అంత గొడవ చేసే మనిషి. ఇప్పుడు కంచం చుట్టూ పడ్డ మెతుకులు ఒక్కొక్కటే ఏరింది.

"గా పిల్ల చెంచతోనా నేను బత్కింది," అంది.

"నువ్వు నన్ను గుర్తువడ్తలేవప్పుడు."

"పొయ్యి చెప్పు. తిడ్తె తిట్టనీ, మొకం మీద ఉమ్మితె ఉమ్మనీ. గా పిల్లకు ఇరవై నాలుగేండ్లు. నువ్వు చెప్పకపోతె ఎదురు చూసుకుంటనే ముసల్దైతది. దానికన్న పాపముంటదా."

పోవడానికి ఆయనకు వారం పట్టింది. బుధవారం మధ్యాహ్నం దేవమ్మ స్త్రీల కూడికకు పోతుందని తెలుసుకుని, ఉంగరం పంచె కొంగున ముడి వేసుకుని మౌలాలికి నడిచాడు. బండెక్కడానికి మనసొప్పలేదు. దారి పొడుగునా చెప్పవలసిన మాటలు పేర్చుకున్నాడు. క్వార్టరు పెరట్లో కుళాయి దగ్గర మేబెల్ బూడిదతో గిన్నెలు తోముతూ కనపడగానే పేర్చుకున్నవన్నీ కూలిపోయాయి.

"రా తాతా. కూసో," అని పీట చూపించింది.

ఆయన కూర్చోలేదు. "బిడ్డా, నేను నీకు మోసం చేసిన. గా ఉంగరాలు వెండియి కాదు. నీ చెంచ మందుకిచ్చిన, లచ్చమ్మకు పాణం మీదికొస్తె. నీకు రాగియి చేసిచ్చి వెండని చెప్పిన. ఆఫీసుల సుత అబద్ధమాడిన. గా ఉంగరం…"

మేబెల్ గిన్నె దించింది. ఎడమ చెయ్యి కుళాయి కింద పెట్టి బూడిదంతా కడిగింది. ఆ చేతిని ఆయన ముందుకు చాపింది.

ఉంగరం ఎర్రగా ఉంది. ఎక్కడా పసుపన్నది లేదు. అతుకు గీత ఏటవాలుగా కనిపిస్తూ ఉంది.

"నాకెరికే తాతా," అంది.

బ్రహ్మచారి అప్పుడు పీట మీద కూలబడ్డాడు.

"ముందు ఆయనదే అరిగింది, జూన్ల. పార పట్టే చెయ్యి గద. ఎర్రగ బయటపడంగనే నాకు ఎంత కోపమొచ్చిందో. నీ అరుగు మీదికొచ్చి లొల్లి చేస్తనన్న. ఆయన నవ్విండు. పోనియ్యే, అన్నడు. తాత రాగే మంచిదని చెప్పిండు, మనమే వినలే, అన్నడు. ఇగ దీన్ని ఎవడూ గుంజుకోడు, నిమ్మళంగ తిరుగుత, అన్నడు." ఆమె చేతిని వెనక్కి తీసుకుంది. "ఎవడూ గుంజుకోలేదు తాతా. వెండైతె దాన్ని సుత తీసుకుంటుండ్రి. రాగి గాబట్టి చేతికే ఉంచిన్రు."

"మరి ఆఫీసుల గట్ల ఎందుకన్నవ్ బిడ్డా?"

"అత్తమ్మ నా మోచెయ్యి పట్టుకోని ఉండె. నేను ఊపిరి గట్టిగ పీల్చినా ఆమెకు తెలుస్తది. వెండని ఆమే రాయించింది, రాగి సంగతి ఆమెకు మేం చెప్పనేలేదు. ఆయన తర్వాత ఆమెకు ఇంకెవ్వరు లేరు. ఆ మాట నా నోటితోని ఎట్ల చెప్త? నిన్ను అడుగుమన్నప్పుడు మాత్రం పాణం ఆగింది. తాత నిజం చెప్తడేమో అని భయమైంది. చెప్తె బాగుండుననీ అనిపించింది." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నువ్వు వెండే అన్నవ్. గప్పుడు తెలిసింది, ఇగ దీన్ని నేనొక్కదాన్నే మోయాలె అని."

అప్పుడామె ఏడ్చింది. రెండు నెలలు మోచేతి మీద అత్త చెయ్యి పెట్టుకుని, ఊపిరి లెక్కపెట్టుకుని బతికిన మనిషి ఏడిస్తే ఎట్లా ఉంటుందో అట్లా ఏడ్చింది. కుళాయి కట్టేయలేదు. నీళ్ళ చప్పుడులో పక్క క్వార్టరుకు వినపడకూడదని అప్పుడు కూడా ఆమెకు గుర్తుంది. బ్రహ్మచారి పంచె కొంగు ముడి విప్పి ఉంగరం ఆమె అరచేతిలో పెట్టాడు.

దాన్ని ఆమె చాలాసేపు చూసింది. ఆఫీసులో చూడనంతసేపు చూసింది. తన కొంగు తడిపి లోపలి వైపు తుడిచింది.

"యాడ పెట్టిన్రో అడిగినవా?"

"అడిగిన. ఊరి బయట చేను గట్టుకు, తుమ్మచెట్టు పక్కన. మూడు రాళ్ళు పెట్టిన్రట."

"అత్తమ్మ బత్కినన్ని రోజులు పోను," అంది. "ఆమె తర్వాత పోత. నువ్వుంటె నువ్వే తోలుకపోవాలె."

"పోదం బిడ్డా."

ముఖం కడుక్కుని వచ్చాక ఆమె గొంతు మళ్ళీ పంతులమ్మ గొంతయింది. "ఒక పని చెయ్యాలె తాతా. సంఘంల ఆడోళ్ళు నా చెయ్యి చూస్తున్నరు. ఎప్పుడో ఒకనాడు ఎవరో ఒకరు అత్తమ్మతోని అంటరు, నీ కోడలి ఉంగరం ఎర్రగున్నదే అని. గంతే, ఆమెకు ఆఫీసు సంగతి యాదికొస్తది. దీనికి మల్ల పూతెయ్యి."

"కొత్తది చేసిస్త. వెండితోని చేస్త బిడ్డా, నిజం వెండి. బాకీ ఉన్న."

"వెండి వద్దు." ఆమె తన ఉంగరం సబ్బు పెట్టి తీసింది. రెండు ఉంగరాలూ కలిపి ఆయన చేతిలో పెట్టి వేళ్ళు మూసింది. "ఇవి రెండు కరగబెట్టి ఒక్కటి చెయ్యి. నా వేలికి. మీద పూతెయ్యి. లోపల మాత్రం గిదే ఉండాలె, రవ్వంత సుత వేరేది కలుపకు."

నలభై ఏళ్ళ పనిలో ఏ లోహం కావాలో ఇంత కచ్చితంగా చెప్పినవాళ్ళు బ్రహ్మచారికి తగల్లేదు.

ఇంటికి వచ్చి చెబితే లచ్చమ్మ గోడ వైపు తిరిగి తన పుస్తెలతాడు బయటికి తీసింది. పుస్తెలకు అటొకటి ఇటొకటి రెండు బంగారు గుండ్లున్నాయి. పళ్ళతో దారం కొరికి ఒక గుండు తీసి, తాడు మళ్ళీ ముడి వేసుకుంది.

"పుస్తెలతాడుదే," అన్నాడు బ్రహ్మచారి భయంగా.

"తాడు మెడలనే ఉన్నది గదా. పూత గట్టిగ ఎయ్యి. ఈసారి నూరేండ్లు అరగొద్దు."

మర్నాడు ఆయన ఎవరి పనీ ముట్టలేదు. కుంపటి రాజేసి మట్టి మూసలో రెండు ఉంగరాలూ వేసి గొట్టంతో ఊదాడు. కాసేపు అవి పక్కపక్కన విడివిడిగానే ఎర్రబడ్డాయి. బొగ్గు పార పట్టిన చేతిది ఏదో, గిన్నెలు తోమిన చేతిది ఏదో అప్పటికింకా చెప్పగలిగేవాడు. ఆ తర్వాత చెప్పలేకపోయాడు. కరిగిన దాన్ని పోసి, సాగదీసి, వంచి, ఏటవాలుగా అతికాడు. గుండును పాదరసంలో వేసి ముద్ద చేసి మూడుసార్లు పూత పట్టించాడు. పొగ కళ్ళలోకి పోయిందని లచ్చమ్మతో చెప్పాడు. ఆమె నమ్మినట్టు ఊరుకుంది.

ఆదివారం గుడి విడిచే వేళకు మౌలాలి పోయాడు. గేటు బయట వేపచెట్టు నీడలో మేబెల్ ఒక్కతే పక్కకు వచ్చి ఉంగరం అందుకుని తొడుక్కుంది. సరిగ్గా సరిపోయింది. ఎండలో అది పెళ్ళినాటిదాని కంటే బాగా మెరిసింది. ఆమె కళ్ళు మూసుకుని చేతిని ఒకసారి పిడికిలి పట్టింది.

దేవమ్మ తడుముకుంటూ వచ్చింది. "ఎవరు, చారేనా? గొంతు వినవడ్డది. ఏం పనిమీదొచ్చినవ్?"

"ఉంగరం మాసిపోయిందంటె మెరుగు పెట్టి తెచ్చిన అమ్మా."

"మంచి పని చేసినవ్. నా కొడుకు వచ్చెటాళ్ళకు గిట్లనే నిగనిగలాడాలె." ఆవిడ కోడలి చెయ్యి దొరకబుచ్చుకుని కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. మసకలో పసుపు కనపడిందేమో, బోసి నోటితో నవ్వింది. వేలితో ఉంగరం చుట్టూ తడిమింది. తర్వాత కోడలి చేతిని తన అరచేతిలో పెట్టుకుని తూచినట్టు కొంచెం పైకి కిందికి ఆడించింది.

"ఏందే మేబెల్, ముందటికన్న బరువుగున్నది?"

బ్రహ్మచారి చేతులు వెనక్కి దాచుకున్నాడు.

"పూత మందంగ ఏసిండు అత్తమ్మా," అంది మేబెల్.

"ఏయనీ, మంచిదే," అంటూ దేవమ్మ కోడలి మోచెయ్యి పట్టుకుంది. ఇద్దరూ ఎండలో క్వార్టర్ల వైపు నడిచారు.